జంగారి రంగు, తోమకూడని చెంబు

దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపో వెనక సందులో పాత చీరలకు రంగు వేసే దుకాణం నాది. పట్టుచీర వెలిసిపోయినా, మరక పడినా, అత్తగారిచ్చిన చీర రంగు నచ్చకపోయినా జనం నా దగ్గరికే వచ్చేవారు. ఇప్పుడు మానేశాను. మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. నా దగ్గర పని నేర్చుకున్న నవ్య ఆ సామాను మొత్తం ఎల్‌బీ నగర్ తీసుకుపోయి, వాళ్లింటి కింది షట్టర్‌లో నడుపుతోంది. దాని దగ్గరికి పని నేర్చుకోవడానికి కొందరు ఆడపిల్లలు వస్తున్నారు. "ఆంటీ, మీ అనుభవాలు చెప్పండి" అని నా ప్రాణం తీస్తున్నారు. నోటితో చెబితే సగం విని, మిగతా సగం ఫోన్ చూసుకుంటారు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

దుకాణం ఎలా పెట్టాలి, బోర్డు మీద ఏం రాయించాలి, ఇన్‌స్టాలో ఫొటోలు ఎలా పెట్టాలి లాంటివి నన్ను అడగొద్దు. అవి చెప్పేవాళ్లు వీధికి నలుగురున్నారు. నేను ఒకే ఒక్క రంగు గురించి చెబుతాను. దాని పేరు జంగారి. మీలో ఎవరూ విని ఉండరు. మీకు తెలిసినవి బాటిల్ గ్రీన్, రామా గ్రీన్, సీ గ్రీన్. సీ గ్రీన్ అట! హైదరాబాద్‌లో సముద్రం ఎక్కడ చూశారమ్మా మీరు?

మొదటి రోజే కొంప ముంచాను

పెళ్లయ్యాక నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి మలక్‌పేటలో కిరాయికి దిగాం. మా ఆయన లారీ నడిపేవాడు. ఒకసారి బండెక్కితే మళ్లీ ఇంటికి ఎప్పుడొస్తాడో ఆయనకే తెలిసేది కాదు. నాకు గోడలు చూసీ చూసీ పిచ్చెక్కేది. మా ఇంటి ఎదురుగానే రజియా ఆపా రంగుల దుకాణం ఉండేది. ఆపా అంటే ఉర్దూలో అక్క. వాళ్లది తాతల నాటి నుంచీ రంగ్రేజుల కుటుంబం, అంటే బట్టలకు రంగులు వేసేవాళ్లు. భర్త పోయాక ఆమె ఒక్కతే నడుపుకొచ్చేది. నేను వెళ్లి పనిస్తావా అని అడిగితే, నా మొహం కూడా సరిగ్గా చూడకుండా, "దుకాణం జర సాఫ్ చెయ్యి, కూరగాయలు తెస్త" అని చెప్పి వెళ్లిపోయింది.

ఊడ్చాను, కడిగాను. గుమ్మం పక్కన గూట్లో ఒక రాగిచెంబు కనిపించింది. దాని ఒళ్లంతా పచ్చటి చిలుము. నాకు ఒళ్లు మండింది. ఇంట్లో రాగిచెంబు అలా ఉంటే మా అమ్మ నాకు అన్నం పెట్టేది కాదు. పాపం ఈ పెద్దామెకు చేతకావడం లేదేమో అనుకుని, చింతపండూ ఉప్పూ వెతికి తీసుకుని, చేతులు నొప్పి పుట్టేదాకా తోమాను. చెంబు ధగధగ మెరిసింది. మెచ్చుకుంటుందని గుమ్మంలోనే నిలబడ్డాను.

ఆపా వచ్చింది. చెంబు చూసింది. చేతిలోని సంచీ కింద పడి టమాటాలన్నీ దొర్లాయి.

"యా అల్లా! ఏం జేసినవే?"

"తోమిన ఆపా. మస్తు మురికి పట్టింది."

"మురికి గాదే పాగల్! అది నా రంగు!"

ఆ రోజు నన్ను వెళ్లగొట్టకపోవడం ఇప్పటికీ నాకు వింతే. తర్వాత అడిగితే, "గంత గట్టిగ తోమే చెయ్యి పోనిస్తనా? రంగు పనికి చెయ్యి గావాలె" అంది.

చిలుములోంచి వచ్చిన మాట

ఆ సాయంత్రమే ఆపా నాకు జంగారి అంటే ఏమిటో చెప్పింది. ఇనుముకు తుప్పు పడితే ఎర్రగా ఉంటుంది. రాగికి తుప్పు పడితే పచ్చగా ఉంటుంది. తుప్పును ఫార్సీలో జంగ్ అంటారు. రాగి మీద లేచే ఆ పచ్చటి చిలుము జంగార్. ఆ చిలుము రంగు ఏదైతే ఉందో, అది జంగారి. ఫార్సీలోంచి ఉర్దూలోకి, ఉర్దూలోంచి మలక్‌పేట రంగ్రేజుల నోటికి వచ్చిన మాట అది. పాతవాళ్లు తెలుగులో కూడా చిలుమును జంగాలు అనేవారని చాలా ఏళ్ల తర్వాత విన్నాను. వెనకటికి బొమ్మలు వేసేవాళ్లు ఆ చిలుమునే గీకి రంగుగా వాడేవారట. అది విషం, నోట్లోకి పోకుండా చూసుకోవాలి. మేం మాత్రం దాన్ని వాడలేదు, మా రంగులు పొట్లాల్లో వచ్చేవి. చిలుము మాకు చూసుకోవడానికే.

జంగారి ఆకుపచ్చ కాదు, చిలకపచ్చ అసలే కాదు. పచ్చలో నీలం కలిసి, పైన సన్నగా తెల్ల పొడి చల్లినట్టు ఉంటుంది. నీలం ఒక చుక్క ఎక్కువైతే నెమలి కంఠం అవుతుంది, తక్కువైతే చిలక అవుతుంది. ఆ మధ్యలో నిలబెట్టడమే పని. నాకు ఆ మాట పుట్టిన తీరు భలే నచ్చింది. తుప్పు పట్టిందంటే పాడైపోయిందని మనం పారేస్తాం. రాగి మాత్రం తుప్పు పట్టాకే ఇంత అందమైన రంగు చూపిస్తుంది, దాన్ని చూసి ఎవరో మహానుభావుడు ఒక రంగుకే పేరు పెట్టాడు.

ఆపా ఆ చెంబు మీద సిర్కా చిలకరించి మళ్లీ గూట్లో పెట్టింది. సిర్కా అంటే వెనిగరే, పట్టుకు రంగు పట్టడానికి మేం గుండిగలో పోసేది కూడా అదే. చిలుము తిరిగి లేవడానికి ఒక వానాకాలం పట్టింది. అన్ని రోజులూ దుకాణానికి వచ్చినవాళ్లందరికీ "గిదే నా చెంబు తోమింది" అని నన్ను చూపించేది.

చెంబుతో పని ఇలా ఉండేది. నేర్చుకునేవాళ్లు చిన్న పట్టుముక్కకు రంగు వేసి, ఆరబెట్టి, తీసుకెళ్లి చెంబు పక్కన పెట్టాలి. రెండూ ఒకటిగా ఉంటేనే చీర ముంచాలి. ఆపా మాత్రం చెంబు వైపు చూసేది కాదు. "చెంబు నేర్చుకునేటోళ్లకు. నాకు కంట్ల ఉన్నది" అనేది. ఆ మాట గుర్తుంచుకోండి.

ఆపా లాంటి యజమాని దొరకాలి, దొరక్కూడదు కూడా

నిజం చెబుతున్నాను, ఆమె నోరు మంచిది కాదు. నేను పనిచేసినన్నాళ్లలో ఒక్కసారి కూడా బాగుందనలేదు. తిట్టకపోతే బాగుందని మనమే అర్థం చేసుకోవాలి. రేపటి నుంచి రానని ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ ఆమె నేర్పినవి మాత్రం నా చేతుల్లోంచి పోలేదు.

తడిబట్ట రంగు నమ్మొద్దు. తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనబడి మోసం చేస్తుంది. ఒక మూల ఇస్త్రీతో ఆరబెట్టి అప్పుడు చూడండి. ట్యూబ్‌లైటు కింద రంగు కలపొద్దు. నా సొంత దుకాణం పెట్టిన కొత్తలో ఒక షోరూమ్ మేనేజరు, వాళ్ల ఏసీ గదిలోనే, వాళ్ల లైట్ల కిందే రంగు సరిచూడాలని పట్టుబట్టాడు. సరే అన్నాను. చీర, జాకెట్టు ముక్క లోపల అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి. కట్టుకున్నామె మెట్లు దిగి ఎండలోకి రాగానే జాకెట్టు ఒక రంగు, చీర ఇంకో రంగు. ఆయన నన్ను తిట్టాడు. నేనూ ఊరుకోలేదనుకోండి.

ఇంకొకటి. వెలిసిన చీర అసలు రంగు తెలియాలంటే పైన చూడొద్దు, ఫాల్ విప్పి చూడండి. చీర అంచుకు కుట్టిన ఆ ఫాల్ కింద ఎండ తగలదు. చీర కొన్నప్పుడు ఎలా ఉందో ఆ సన్నటి పట్టీలో అలాగే దాక్కుని ఉంటుంది.

విజయలక్ష్మిగారి చీర

మెట్రో పిల్లర్లు లేస్తున్న రోజులవి. దిల్‌సుఖ్‌నగర్ అంతా దుమ్ము. ఆ దుమ్ములో విజయలక్ష్మిగారని ఒకావిడ నా దుకాణానికి వచ్చారు. గుడివాడ వైపు వాళ్లు, ఎల్‌బీ నగర్‌లో కొత్తగా ఫ్లాట్ కొనుక్కున్నారు. సంచీలోంచి ఒక పట్టుచీర తీశారు. జరీ బాగానే ఉంది, ఒళ్లు మాత్రం ఏ రంగో చెప్పలేనంతగా వెలిసిపోయింది.

"మా అమ్మదండీ. పోయి ఏడాదవుతోంది. గృహప్రవేశానికి కట్టుకుందామని తీశాను. చిన్నప్పుడు అమ్మ ఈ చీర కట్టుకుని సందు చివర తిరిగితే చాలు, ఎంతమందిలో ఉన్నా గుర్తుపట్టేదాన్ని. ఇప్పుడు చూస్తే అమ్మ చీరలానే లేదండీ."

"ఏం రంగుండేదమ్మా?"

"ఆకుపచ్చ కాదండీ, నీలమూ కాదు. దాన్ని ఏమంటారో నాకు తెలీదు. చూస్తే మాత్రం చెప్పగలను."

నాకు లోపల ఒక అనుమానం తగిలింది. పట్టు పనులు పెద్దవి వస్తే నేను ఇంకా ఆపా దగ్గరికే తీసుకెళ్లేదాన్ని. మలక్‌పేటలో ఆపా, ఆమె మనవరాలు సమ్రీన్, నేను ముగ్గురం కూర్చుని ఫాల్ విప్పాం. కింద సన్నటి పట్టీ బయటపడింది. నేను ఎగిరి గంతేశాను.

"ఆపా, జంగారి!"

ఆపా పట్టీని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. మొహం చిట్లించింది. "ఇదా జంగారి? పట్టు పాతగైతే పసుపు తిరుగుతది. అసలు రంగు ఇది గాదు. నాకెరుక."

పట్టు పాతబడితే పసుపెక్కే మాట నిజమే. ఆమె మాటే నమ్మాను.

మచ్చుముక్క ఒకటి వేసి ఇచ్చాను. "పసుపుంది. ఇంక నీలం కొట్టు" అంది. ఇంకొకటి వేశాను. మళ్లీ నీలం. ముక్కలన్నీ దండెం మీద వరసగా ఆరేస్తూ పోయాను. చివరి వాటి దగ్గరికి వచ్చేసరికి అవి జంగారి దాటి, నెమలి కంఠం దాటి, ఇంకెటో పోతున్నాయి. మధ్యలో నా మీద ఇంకో కోపం. "తెల్ల పట్టు సరిగ్గ ఉతకకుండ తెస్తున్నవ్, పసుపుపచ్చగుంటున్నది" అని తిట్టేది. అది పాలలా తెల్లగా ఉండేది. సమ్రీన్ నా వైపు చూసేది, నేను నేల వైపు చూసేదాన్ని.

ఒకరోజు ఆపా కలుపుతున్న కర్ర విసిరికొట్టింది.

"అయిపోయిందే సుగుణా. జంగారి నా కంట్లకెళ్లి పోయింది. చెయ్యి మర్చిపోయింది. ఆమె చీర వాపస్ ఇచ్చెయ్. దుకాణం బంద్ చేస్త."

ఉత్త కోపంతో అన్న మాటనుకున్నాను. మర్నాడు వెళ్లేసరికి గుండిగలు కడిగి బోర్లించి, పాత సామాను కొనేవాడికి కబురు పెట్టమని సమ్రీన్‌కు చెబుతోంది. చీర సంగతి అలా ఉంచండి. తాతల నాటి పని తన చేతిలోనే చచ్చిపోయిందని ఆమె నమ్మేసింది. అన్నం కూడా సరిగ్గా తినడం లేదని సమ్రీన్ ఏడ్చింది.

ఆమె కళ్లకు పొర వచ్చిందని నాకు అప్పటికి దాదాపు అర్థమైంది. కానీ చెప్పేదెలా? ధైర్యం చేసి, "ఆపా, ఒక్కసారి కండ్లు చూపించుకుందమా?" అన్నాను.

"కండ్లా? గీ కండ్లతోనే నీకు పని నేర్పిన. ఇయాల నాకే కండ్లు లేవంటవా? పో, ఇంటికి పో!"

పోయాను. నాకూ రోషం ఉంది. కానీ రెండు రోజులు కూడా ఉండలేక మళ్లీ వెళ్లాను.

చెంబు చెప్పింది

ఈసారి కళ్ల మాట ఎత్తలేదు. దండెం మీద నుంచి నేను మొట్టమొదట వేసిన మచ్చుముక్క తీశాను. గుమ్మంలో మంచి వెలుతురు పడుతోంది. గూట్లోని చెంబు తెచ్చి అక్కడ పెట్టి, దాని పక్కన ముక్క పరిచాను. నా కంటికి రెండూ ఒకటే.

"ఆపా, నాకు తెలుస్తలేదు. నేను ఇంక నేర్చుకునేదాన్నే గదా. చెంబు పక్కన పెట్టిన, వచ్చి చూసి చెప్పు."

గొణుక్కుంటూ వచ్చి కూర్చుంది. ముక్క చూసింది, చెంబు చూసింది, మళ్లీ ముక్క చూసింది.

"రెండూ ఒక్కతీరే ఉన్నయ్" అంది. చెంబు వైపు మళ్లీ చూసి, "రెండూ జంగారి గాదు" అంది.

చెంబు చేతిలోకి తీసుకుంది. నా వైపు తిరిగి కోపంగా అడిగింది.

"ఏమే, మళ్ల తోమినవా?"

"తోమలే ఆపా."

"వేరే చెంబు పెట్టినవా?"

"లేదాపా. మూతి కాడ సొట్ట చూడు."

ఆ సొట్ట ఆమె చేతి నుంచి జారిపడినప్పుడు పడిందే. వేలితో తడిమి పట్టుకుంది. వేలు అక్కడే ఆగిపోయింది. లోపల సమ్రీన్ గిన్నెల చప్పుడు కూడా ఆపేసింది.

"రాగి ఎట్ల మారుతది?" అంది ఆపా, నాతో కాదు, తనతో తనే. ఇంకా చాలాసేపు చెంబును అటూ ఇటూ తిప్పింది. చివరికి దాన్ని ఒళ్లో పెట్టుకుని అంది. "మారింది చెంబు గాదే సుగుణా. చెయ్యి గూడ మర్చిపోలే. కండ్లే."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మాత్రం ఏడవలేదు. అన్ని రోజుల తర్వాత మొహంలో కాస్త వెలుగొచ్చింది. చెయ్యి పోతే తెచ్చుకోలేం, కళ్లకైతే దవాఖాన ఉంది. "ఊకో, ఏడుస్తవెందుకు? ఏ దవాఖానకు పోదమో చెప్పు" అంది.

విజయలక్ష్మిగారికి ఫోన్ చేసి, చీర గృహప్రవేశానికి అందదని భయపడుతూ చెప్పాను. సంగతంతా విన్నారు. "గృహప్రవేశానికి వేరే చీర కట్టుకుంటానండీ. ముందు ఆవిడ కళ్లు బాగవనివ్వండి. ఇన్నేళ్లు ఆగింది, ఇంకొన్నాళ్లు ఆగదా చీర?" అన్నారు. అలాంటి కస్టమర్లు కూడా ఉంటారని రాయడానికే ఇది రాస్తున్నాను.

కట్టు విప్పిన రోజు

ముందు ఒక కంటికే ఆపరేషన్ చేశారు. పొర బాగా ముదిరి పసుపెక్కిపోయిందని, ఇన్నాళ్లూ ఆమె లోకమంతా దానిలోంచే చూసిందని డాక్టరు చెప్పాడు. మర్నాడు కట్టు విప్పేటప్పుడు సమ్రీన్, నేను పక్కనే ఉన్నాం. చెంబు నా సంచీలో ఉంది. మొదట దాన్నే అడుగుతుందనుకున్నాను. ఆపా నా తల వైపు చూసింది.

"ఏమే, నీ జుట్టు గింతగనం ఎప్పుడు నెరిసింది?"

"శానా రోజులాయె ఆపా."

"మెహందీ పెడుతున్నవనుకున్న! మంచిగ లేదని చెప్దామనుకొని ఊకున్న."

నర్సు కూడా నవ్వింది. అప్పుడు చెయ్యి చాపితే చెంబు ఇచ్చాను. ఒక కన్ను మూసుకుని చూసింది, రెండో కన్ను మూసుకుని చూసింది. చిన్నపిల్లలా అలా ఎన్నిసార్లు చేసిందో. "ఈ కంట్ల చిలక, ఈ కంట్ల..." అని ఆగిపోయింది. కన్ను చెమర్చింది. ఏడవొద్దు దాదీ, డాక్టర్ వద్దన్నడు అని సమ్రీన్ గోల పెట్టింది.

ఆపా చెంబును నా చేతుల్లో పెట్టింది.

"నువ్వు తోమలే" అంది.

అంతే. జన్మలో ఎవరికీ క్షమాపణ చెప్పిన మనిషి కాదు. నాకు అది చాలు.

కన్ను కుదురుకున్నాక చీరకు రంగు తనే వేసింది. అయితే ముందు మచ్చుముక్క ఆరబెట్టి, చెంబు పక్కన పెట్టి చూసింది. ఆ రోజు నుంచి చెంబు గూట్లో లేదు, ఆమె పీట పక్కనే ఉండేది. నేర్చుకునేటోళ్లకు అనే మాట మళ్లీ ఆమె నోట వినలేదు. రెండో కంటికి కూడా చేయించుకుని, సమ్రీన్‌కు పని నేర్పి, చాలా ఏళ్లు దుకాణం నడిపింది. ఇప్పటికీ మలక్‌పేటలోనే ఉంది, ఇప్పటికీ తిడుతూనే ఉంది.

విజయలక్ష్మిగారు వచ్చిన రోజు చీరను గుమ్మం వెలుతురులో పరిచాను. ఆవిడ చీరను భుజం మీద వేసుకుని, "ఇక్కడే ఉండండి సుగుణగారూ" అని బయటికి నడిచారు. ఆటోల మధ్యలోంచి, చెప్పులు అమ్మేవాళ్ల మధ్యలోంచి సందు చివరిదాకా వెళ్లి ఇటు తిరిగారు. అక్కణ్ణుంచే చెయ్యి ఊపి, కనబడుతున్నానా అన్నట్టు సైగ చేశారు. అంత జనంలో, అంత దుమ్ములో ఆ రంగు ఒక్కటే నా కంటికి కనబడింది. కనబడుతున్నారమ్మా అని అరిచాను. ఆవిడ అక్కడే నిలబడి ఏడ్చేశారు.

ఇప్పుడు

పిల్లలూ, ఈ పనిలో మీకు చెయ్యి వస్తుంది, పేరు వస్తుంది, ఒకరోజు నాకు కంట్లో ఉంది అనే పొగరు కూడా వస్తుంది. రానివ్వండి, కష్టపడినవాళ్లకు అది కొంచెం ఉండాలి. చెంబును మాత్రం దూరం పెట్టకండి. మీ కన్నూ మీతోపాటే ముసలిదవుతుంది, ఆ సంగతి మీకు చెప్పదు.

ఆపా పని మానేసినప్పుడు ఆ చెంబు నాకిచ్చింది, నేను మానేసినప్పుడు నవ్యకిచ్చాను. పోయిన వారం ఊరికే వాళ్ల దుకాణానికి వెళ్లాను. నవ్య ఒక మచ్చుముక్క చూపించి, జంగారి కుదిరిందా అని అడిగింది. నేను చూసి, "పసుపుందే. ఇంకొంచెం నీలం పడాలి" అన్నాను.

అది నాతో వాదించలేదు. లోపలికి వెళ్లి చెంబు తెచ్చి, గుమ్మంలో వెలుతురు చూసి పెట్టి, దాని పక్కన ముక్క పరిచింది. నేను కళ్లజోడు తుడుచుకుని చూశాను. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. రెండూ జంగారి కావు.

"ఏమే నవ్యా, చెంబు తోమలేదు కదా?"

"తోమలే ఆంటీ" అంది, చాలా మెల్లగా.

దాని మొహం చూడండి, చెప్పలేక చస్తోంది. నాకు నవ్వాగలేదు.

"అయితే షట్టర్ దించు. కంటి దవాఖానకు పోదాం పద" అన్నాను.